పల్లీల మూట

సిరిసిల్ల నేతోళ్ల వాడల శంకరవ్వ సర్వప్పకు పెద్ద పేరుండె. చేసుడైతే అందరు చేసేదే. బియ్యప్పిండిల నానిన శనగపప్పు, నువ్వులు, పల్లీలు, ఎల్లిపాయ, కారం ఏసి పిసికి, సర్వ లోపల అడుగుకు పక్కలకు ఏళ్లతోని ఒత్తి, నడుమ పొక్కలు పెట్టి, పొక్కలల్ల నూనె పోసి, మూతేసి సన్నమంట మీద కాల్చుడు. కని శంకరవ్వ అందరికి ఒకటే తీరు చెయ్యకపోవు. ఎవలి సర్వప్ప వాళ్లకే చేస్తుండె.

ఆమె పెనిమిటి కైలాసానికి పల్చగ, అడుగు మాడి నల్లగ కావాలె. నలభై ఏండ్లు సాంచల నడుమ, కరెంటు మగ్గాల మోతల, నిలవడి నిలవడి ఆయన చెవులు పోయినయి. మాడు నమిలితె మాత్రం ఆ కరకర తలకాయ లోపల ఇనవడుతదట. "నాకు ఇనవడే ముచ్చట గిదొక్కటే" అనుకుంట తింటుండె. కొడుకు రామచంద్రానికి మందంగ ఉండాలె, ఉల్లాకు నిండ పడాలె. మనుమరాలు సంధ్యకు కారం తక్కువ, పల్లీలు ఎక్కువ. చొప్పదండికిచ్చిన బిడ్డ వచ్చిన పొద్దు ఆనిగెపుకాయ తురిమి ఏసుడు. ఏది ఎవలిదో కలువకుంట శంకరవ్వ పొక్కలతోని గుర్తు పెడుతుండె. కైలాసానిది ఒక్క పొక్క. రామచంద్రానిది మూడు. సంధ్యది ఐదు. చొప్పదండి బిడ్డది ఏడు. గంప కింద మూసిపెట్టినా, మూత తీసి చూస్తె ఎవలిది వాళ్లు తీసుకునుడే.

కోడలు గంగామణిది మాత్రం ఆ లెక్కల లేకుండె. అందరియి అయినంక, పిండి పిసికిన తాంబాళానికి అంటుకున్నదంత గోకి ఒకటి ఒత్తేది. అప్పటికి శంకరవ్వ నడుము నొస్తున్నదని లేస్తుండె. గంగామణే ఒత్తుకుంటుండె, సర్వ సల్లారకముందే, ఏళ్లు కాలుకుంట. పొక్కలు ఎన్నయితె అన్ని.

"ఇగో, మా ఇంట్లనే గాదు, ఈ వాడల ఎవలి నాలికె ఎసొంటిదో నాకెరుక. చచ్చినోళ్లది గూడ యాదికున్నది" అంటుండె శంకరవ్వ. నిజమే. పక్కింటి కొమురవ్వ అత్త, డెబ్బై రెండుల కరువు పడ్డ ఏడు సచ్చిపోయిన ముసలిది, సర్వప్పల వాము ఏసుకుంటుండెనని కొమురవ్వకే యాదిలేదు, శంకరవ్వకుండె.

ఇంకొకటి గూడ ఆమెకు బాగ యాదికుండె. సర్వప్ప చేసినప్పుడల్ల, పల్లీల డబ్బ మూత తీసినప్పుడల్ల ఆ ముచ్చట ఎల్తుండె.

"నా కోడలు వచ్చిన కొత్తల" అని షురూ చేస్తుండె, వాడల ఆడోళ్లు నవ్వుటానికి ముందే తయారుగ కూసుంటుండ్రి. "పల్లీల డబ్బ దినాం తగ్గుతున్నది. ఎలుకలనుకున్న. పిల్లిని తెచ్చిన. పిల్లి బలిసింది గని పల్లీలు ఆగలే. ఒకనాడు నూలు కండెల గంప జరిపి చూస్తునా, వెనుక పాత రవికె గుడ్డల ఇంత పల్లీల మూట. అప్పుడే మా వియ్యపురాలు ముథోల్ నుంచి వచ్చి కూసున్నది. తెచ్చి ఆమె ముందట పెట్టిన. మీ దిక్కు పల్లీలు పండయా వదినె, నీ బిడ్డ మూట కట్టుడు నేర్చింది, అన్న. తిన్నది తిన్నట్టే లేచింది, చెయ్యి కడిగింది, బస్సెక్కింది. గంతే. పన్నెండేండ్లాయె, నా గడప తొక్కలే."

అత్త ఆ ముచ్చట చెప్తుంటే గంగామణి అక్కడనే ఉంటుండె. నీళ్లు తోడుకుంటనో, కండెలు చుట్టుకుంటనో. ఒక్కనాడు మాట తిప్పలే. తిప్పకపోయేసరికి అది ఖరారే అనుకున్నరు అందరు.

*

తొంభై ఏడు ఎండకాలంల సంధ్య ఏడో తరగతి పరీక్షలు రాసింది. దాని సోపతి పిల్ల పుట్టినరోజని కరీంనగర్ తీసుకపోయి బేకరీల పిజ్జా తినిపిచ్చిండ్రట. అప్పటి సంది పొద్దుగాల లేస్తె పిజ్జా, మాపటీలి పిజ్జా. పేపర్ల ఆడోళ్ల పేజీల వచ్చిందని ఎట్ల చేసుడో నోటుబుక్కుల రాసుకున్నది. వాళ్ల బాపు రామచంద్రం సాంచ సామాన్లకు కరీంనగర్ పోయినప్పుడు పోరు పడలేక ఐదు రొట్టెలు, ఒక డబ్బల చీజు తెచ్చిండు.

ఆ పొద్దు ఆదివారం. పగటీలి కరెంటు పోయింది. సాంచలన్ని ఒక్కసారి ఆగేసరికి వాడంత బావిల మునిగినట్టు అయింది. కైలాసం గూడ కొడుకు వెంట అరుగు మీదికెల్లి లోపలికి వచ్చి, ఏందో చేస్తున్నరని పీట మీద కూసున్నడు.

శంకరవ్వ రొట్టెను తిప్పి తిప్పి చూసింది. "ఇది కాల్చిన రొట్టేనాయె. మళ్ల కాల్చుడేందే?"

"మీద సామానంత ఏసి కాల్చాలె నాయినమ్మా."

"సామాను లోపల కలుపాలె గని మీద పోస్తరా? తినేటప్పుడు ఒళ్లె పడదా?"

"పడకుంట చీజు పట్టుకుంటది."

చీజు వాసన చూసి శంకరవ్వ మొఖం అటు తిప్పింది. "బట్టల సబ్బు తీరున్నది. కానీ తియ్యి. దేంట్ల కాలుస్తవు?"

"వాళ్లకు పెద్ద డబ్బ ఉంటది, కరెంటుది. మనకు లేదు. గిన్నెల మూతేసి చెయ్యొచ్చని రాసిండ్రు."

అది ఇని శంకరవ్వ పానం లేచొచ్చింది. "గిన్నెల మూతేసి సన్నమంట మీదనా? ఇది మన సర్వప్ప తమ్ముడేనాయె. లే, జరుగు. నేను చేస్త."

కొంగు నడుముకు చెక్కి పొయ్యి కాడ కూసున్నది. టమాట ఉడుకవెట్టి ఎల్లిపాయ కారం కలిపింది. పేపర్ల గట్ల లేదని సంధ్య అన్నది. పేపరోళ్లు సిరిసిల్ల చూసిండ్రా అని శంకరవ్వ అన్నది. గంగామణి ఉల్లిగడ్డలు కోసి ఇచ్చి, ఒక సర్వ దించంగనే బోర్లించి అడుగు మీద నీళ్లు సల్లి సల్లార్చి ఇస్తున్నది. ఎప్పుడు చేసే పనే.

సంధ్య నోటుబుక్కు తెరిచి పెన్సిలు పట్టింది. "ఎవలికి ఏం కావాల్నో చెప్పుండ్రి. నేను పేర్లతోని రాస్త. పిజ్జాల గదే గమ్మతి, ఎవలిష్టం వాళ్లది."

"నన్ను అడుగు, అందరియి నేను చెప్త" అన్నది శంకరవ్వ. "రాసుకో. తాతకు పచ్చిమిరపకాయ సన్నగ తరిగి ఎయ్యి, అడుగు మాడనియ్యి."

"పిజ్జా మాడొద్దు నాయినమ్మా."

"మీ తాతకు మాడాలె. పేరు ఏదైతేంది, తినేది మీ తాత. మీ బాపుకు ఉల్లాకు. నీకు చీజు మస్తుగ ఏసుకో, అదే గద నీ గోల. నాకు మీ తాతదాంట్ల ఇంత ఇరిసియ్యి, సాలు."

తాతది అయింది, బాపుది అయింది. కైలాసం ముక్క తుంచి పైకి లేపితె చీజు తీగలు సాగింది. చెయ్యి మొఖం దాక లేపినా తెగలే.

"ఎన్నో నంబరు నూలే ఇది? తెగుతలేదు" అన్నడు. "గిది దొరికితె సాంచల పోగులు తెగుడన్నదే ఉండకపోవు."

అందరు నవ్విండ్రు. గంగామణి గూడ నవ్వింది. శంకరవ్వకు మస్తు ఖుషీ అయింది. ఆ ఖుషీలనే ఇంకొక రొట్టె అందుకున్నది.

"ఇగ అవ్వకు" అన్నది సంధ్య, తల్లి గంగామణి దిక్కు చూసి. "అవ్వకు ఏమెయ్యాలె నాయినమ్మా?"

"మీ అవ్వకేంది, ఏదైన తింటది."

"ఏదైన అని రాస్తరా? అందరియి చెప్పినవు, అవ్వది చెప్పు."

శంకరవ్వ చెయ్యి రొట్టె మీద ఆగింది. ఒక గడియ యాదిజేసింది. ఏం యాదికి రాలే. పన్నెండు పదమూడేండ్లు ఒక్క ఇంట్ల తిన్నది, ఒక్కటన్న రావాలె గద. రాలే. ఆ రాకపోవుడు కప్పుకుందామని నోటికి అలవాటైన మాట అన్నది. "పల్లీలు చల్లు. పల్లీలంటె మీ అవ్వకు పానం గద, అందరికి ఎరుకే."

సంధ్య తలకాయ ఎత్తకుంటనే, రాసుకుంటనే అన్నది. "అవ్వ పల్లీలు తినది. ఏరి నాకే ఇస్తది. తింటె మూతి ఉబ్బుతది, గొంతుల దురద పెడుతది. నీకు తెల్వదా?"

గంగామణి సర్వ చేతుల పట్టుకోని నిలవడ్డది. అడుగు మీద సల్లిన నీళ్లు ఆమె కాళ్ల మీద కారుతున్నయి. సాంచలు నడుస్తె బాగుండు అనిపిచ్చింది శంకరవ్వకు. ఒక్క సాంచ గూడ నడుస్తలేదు.

"ఏమంటుందే పోరి?" అన్నడు కైలాసం. అందరి మొఖాలు చూసి ఏదో పెద్ద ముచ్చటే అనుకున్నడు.

రామచంద్రం ఆగుమన్నట్టు చెయ్యి ఊపిండు.

"ఏందే, నాకు చెప్పరాదా?"

సంధ్య ఆయన చెవుల మూతి పెట్టి, ఎప్పటి తీరుగనే వాడంత ఇనేటట్టు ఒర్లింది. "అవ్వకు పల్లీలు పడయి తాతా. తింటె మూతి ఉబ్బుతది. చిన్నప్పటి సంది."

కైలాసం నమలుడు ఆపిండు. కోడలు దిక్కు చూసిండు, పెండ్లాం దిక్కు చూసిండు. ఆయనకు చెవులే లెవ్వు గని మతి బాగనే ఉండె. "మరి మూట?" అన్నడు.

*

పెద్దోళ్ల ముచ్చటని రామచంద్రం బిడ్డను తీసుకోని బయటికి పోయిండు. శంకరవ్వ పొయ్యి మంట తగ్గిచ్చింది, పెంచింది, మళ్ల తగ్గిచ్చింది.

"ఎందుకు చెప్పలేదే?" అన్నది ఆఖరికి. అడిగినట్టు లేదు, బతిమిలాడినట్టే ఉన్నది.

గంగామణి సర్వ కింద పెట్టి కూసున్నది. "వచ్చిన మూడో నెల సర్వప్ప పెట్టినవు అత్తమ్మా, యాదున్నదా? కొత్తగ వచ్చిన, వద్దంటె బాగుండదని తిన్న. కక్కిన. మూతి ఉబ్బితె కొంగు అడ్డం పెట్టుకున్న. కడుపైందని నువ్వు వాడకంత బెల్లం పంచినవు."

శంకరవ్వకు యాదున్నది. యాదిలేనిది ఏదున్నది ఆమెకు. ఇంటింటికి తిరిగి ఇచ్చింది. పది దినాలకు కోడలు దూరం కూసుంటె, ఇచ్చిన ఇండ్ల ముందటికెల్లి తల వంచుకోని పోవాల్సి వచ్చింది. నన్ను నమ్మిచ్చి మోసం చేసింది అని ఆ ముచ్చట గూడ కొమురవ్వకు చెప్పింది.

"బెల్లం పంచినంక, గది కడుపు కాదు పల్లీలు అని ఎట్ల చెప్పాలె?" అన్నది గంగామణి. "అప్పటి సంది తినకముందే పల్లీలు ఏరి పక్కకు పెట్టేదాన్ని. పారేస్తె పాపమని, గుడ్డల కట్టి ఆరవెట్టి, మళ్ల డబ్బలనే పోసేదాన్ని. ఎంగిలి కావు అత్తమ్మా, తినకముందే తీసేదాన్ని."

"డబ్బలనే పోసినవా?"

"డబ్బలనే."

శంకరవ్వ కండ్ల ముందట డబ్బ అగుపడ్డది. అండ్ల అప్పుడప్పుడు నల్లగ, మాడిన పల్లీలు ఉంటుండె. పాత సరుకు అమ్ముతున్నవని కిరాణం రాయమల్లును నలుగురి ముందట తిట్టింది. డబ్బ తీసుకపోయి అతని తూకం మీద గుమ్మరిచ్చింది. ఆ దినం నుంచి ఆ దుకాణం మొఖం చూడలే. మరి డబ్బ తగ్గుడు? తగ్గింది నిజం. పల్లీలు ఏసుడంటె చెయ్యి ఆగనిది ఎవలు? శంకరవ్వనే గద, పిడికెడు అని రెండు పిడికెళ్లు ఏస్తుండె.

"మీ అవ్వకు ఎరుకేనా? నీకు పడయని?"

గంగామణి తల ఊపింది. "చిన్నప్పుడు గొంతు పట్టుకుంటె ఆమెనే గద దవఖానకు ఎత్తుకపోయింది."

ఆ మూటను ముందట పెట్టినప్పుడు వియ్యపురాలు సత్తమ్మ మొఖం ఎట్లుండెనో శంకరవ్వ పన్నెండేండ్ల సంది నవ్వుకుంట చెప్తున్నది గద. సిగ్గుతోని ఎర్రగయింది అని చెప్తుండె. ఇప్పుడు అదే మొఖం మళ్ల ముందటికి వచ్చింది. అది సిగ్గు గాదు. అబద్ధమని తెలిసి గూడ నోరు మూసుకున్న మొఖం.

సంధ్య లోపలికి తొంగి చూసి, "అవ్వా, నీ పిజ్జాకు ఏమెయ్యాలె?" అన్నది. ఆ పిల్లకు ఆ పనే మిగిలింది.

గంగామణి కొంగుతోని చేతులు తుడుచుకున్నది. అడిగినోళ్లు లేక చెప్పుడు అలవాటు లేదు. "ఉల్లిగడ్డ బాగ. కొత్తిమీర, జీలకర్ర. మా అవ్వ జొన్నపిండిల కలిపి తడిబట్ట మీద తాలిపీట్ తట్టేది చూడు, గట్ల."

శంకరవ్వ అన్ని ఏసింది. కైలాసం ఇరిసిచ్చిన ముక్క ఆమె పళ్లెంల సల్లారి, చీజు గట్టిపడి, అట్లనే ఉన్నది. తినబుద్ధి కాలే.

*

మర్నాడు పొద్దుగాల శంకరవ్వ ఒక్కటే సర్వప్ప చేసింది. పల్లీలు లేకుంట, ఉల్లిగడ్డ నిండ. పొక్కలు పెట్టెటప్పుడు ఏలు ఆగింది. ఒకటి, మూడు, ఐదు, ఏడు అయిపోయినయి. సరిగ్గ నడుమ నాలుగు ఖాళీగున్నది. నాలుగు పెట్టింది. గుడ్డల చుట్టి, "నడువు, మీ అవ్వ కాడికి పోదాం" అన్నది.

కామారెడ్డిల ఒక బస్సు, నిజామాబాదుల ఇంకొక బస్సు. శంకరవ్వకు బోర్డులు చదువరాదు, గంగామణే చూసి ఎక్కిచ్చింది. బస్సుల ఎప్పుడైన కిటికీ కాడ శంకరవ్వదే. ఆ పొద్దు నిలవడి అడిగింది. "నువ్వు కూసుంటవా కిటికీ కాడ?"

"వద్దు అత్తమ్మా, గాలికి నాకు తలకాయ నొస్తది."

గది గూడ తెల్వదు. శంకరవ్వ కిటికీ కాడనే కూసోని, బాసర దగ్గర గోదారి వంతెన దాటెదాక బయటికే చూసింది. అందరు చెయ్యెత్తి మొక్కి గోదాట్ల చిల్లర ఏస్తున్నరు. మొక్కుదామంటె ఏమని మొక్కాలె, తప్పు చేసింది గోదారికి గాదాయె.

ముథోల్ల సత్తమ్మ ఇంటి ముందట చాట ఒళ్లె పెట్టుకోని బీడీలు చుడుతున్నది. మనిషి బక్కగయింది. వెంట్రుకలు తెల్లవడ్డయి. వియ్యపురాలిని చూసి చాట పక్కకు పెట్టింది. తొందరపడి లేవలే, లేవకుంట గూడ ఉండలే. "రా వదినె" అన్నది. కాళ్లకు నీళ్లిచ్చింది. తాగ నీళ్లిచ్చింది. చాప ఏసింది. ఏ లోటు చెయ్యలే. అదే శంకరవ్వకు ముల్లు తీరు గుచ్చుకున్నది.

బస్సుల వచ్చినంతసేపు ఏమేమో కుదుర్చుకున్నది. తప్పయింది అనాలె, కాళ్లు పట్టుకోవాలె, బెల్లం పంచిన కాడికెల్లి మొదలువెట్టాలె. మాటలకు ఏనాడు తడుముకోని మనిషికి ఆడ కూసున్నంక ఒక్కటి గూడ రాలే. గుడ్డ ఇప్పి ముందట పెట్టింది.

"పల్లీలు లెవ్వు వదినె" అన్నది.

సత్తమ్మ ఒక ముక్క ఇరిసింది. చూసింది. బిడ్డ దిక్కు చూసింది. గంగామణి తల వంచుకున్నది. ముచ్చటంత సత్తమ్మకు అర్థమయింది.

"ఇది నా బిడ్డకు తెచ్చినవా, నాకా?"

"నీకే తెచ్చిన."

"పల్లీలు పడనిది నా బిడ్డకు వదినె. నాకు గాదు." సత్తమ్మ ముక్కను మళ్ల గుడ్డల పెట్టింది. "నాకు పల్లీలంటె మస్తు ఇష్టం. ఆ పొద్దు నువ్వు పెట్టిన సర్వప్పల గూడ ముందుగాల పల్లీలే ఏరుకోని తింటున్న. అంతల నువ్వు మూట తెచ్చినవు."

శంకరవ్వ మొఖం మంట మీద పెట్టినట్టయింది. పన్నెండేండ్ల తప్పు దిద్దుదామని ఇంత దూరం వచ్చి, మళ్ల అదే తప్పు చేసింది. అడుగకుంటనే చేసింది.

"నీకు ఎరుకేనాయె. మరి ఆ పొద్దు ఎందుకు చెప్పలే వదినె? నా నోట్లె మన్నువోసినా పడుదును."

"చెప్తె ఏమయితుండె?" సత్తమ్మ కోపం చెయ్యలే, ఒక ఆకు అందుకోని కత్తిరిచ్చుకుంట చెప్పింది. "నా ముందట నీది తప్పయితుండె. నేను బస్సెక్కి వస్తుంటి. నా బిడ్డ నీ కాడ ఉంటుండె."

శంకరవ్వ కొంగు నోట్లె పెట్టుకున్నది.

"అసూదే" అన్నది సత్తమ్మ, పోనీ తియ్యి అని ఆ దిక్కు మాటల. "తిను బిడ్డా, సల్లారుతది."

గంగామణి తిన్నది. నాలుగు పొక్కలల్ల చెయ్యి పెట్టి తుంచుకోని, వంగి చూసుకోకుంట, ఏరుకోకుంట, వాళ్ల అవ్వతోని మాట్లాడుకుంట తిన్నది. కోడలు గట్ల తినుడు శంకరవ్వ ఎన్నడు చూడలే. ఇంట్ల ఎప్పుడు పళ్లెంల మొఖం పెట్టి మెల్లగ తింటుంటె, తిండి మీద యావ అని ఎన్ని తాపల అన్నదో.

లేచేటప్పుడు శంకరవ్వ అడిగింది. "నా ఇంటికి రా వదినె. పల్లీలు ఏసి చేసిపెడుత."

సత్తమ్మ బీడీ కట్టకు దారం చుట్టి, కొరికి తెంపింది. "పోయినేడు మా అన్న మనుమరాలి లగ్గంల సిరిసిల్లామె ఒకామె కలిసింది. నేనెవలో ఆమెకు తెల్వది. పల్లీల మూట ముచ్చట చెప్పి కడుపు పట్టుకోని నవ్వింది. మా వాడల శంకరవ్వ చెప్తె చూడాలె, అచ్చం చూసినట్టే ఉంటది అన్నది. నేను గూడ జర నవ్విన, ఏం చెయ్యాలె." శంకరవ్వ కండ్లల్లకు సూటిగ చూసింది. "మంచిగ చెప్తవట వదినె. గదే నోటితోని గిది గూడ చెప్పు. చెప్పినంక కబురు పంపు. వస్త."

*

చెప్పుడు అంత అలుకగ కాలే. రెండు దినాలు తప్పిచ్చుకున్నది. మొదలు రాయమల్లు దుకాణానికి పోయింది, ఆడైతె ఒక్కడే ఉంటడని. పల్లీలు అడుగుకుంట అడుగుకుంట, "నీ సరుకు మంచిదే ఉండె రాయమల్లూ, తప్పు నాదే" అన్నది.

"ఏ సరుకు అక్కా? గప్పటిదా? నాకు యాదికే లేదు" అన్నడు రాయమల్లు నవ్వుకుంట. ఆమెకు యాదున్నది. తూకం పళ్లెం కింద పడి మోగిన చప్పుడు గూడ యాదున్నది. ఆయన మర్చిపోయినంత మాత్రాన ఆమె మోసేది తగ్గలే.

మూడో దినం కొమురవ్వను, ఇంకో నలుగురు ఆడోళ్లను అరుగు మీదికి పిలిచింది. పగటీలి పిలిచింది. అప్పుడు వాడల సాంచలన్ని నడుస్తయి, చెవుల చెవి పెడితె గని ఇనవడది. పది మందికి అందకపోతె పోనీ, చెప్పిన అన్న మాట దక్కుతది అనుకున్నది. ఎంత సిగ్గున్నా మనిషి బుద్ధి గట్లనే ఉంటది. కైలాసం గూడ పక్కన కూసున్నడు. లోపల గంగామణి కండెలు చుడుతున్నది.

పల్లీల డబ్బ ముందట పెట్టుకున్నది శంకరవ్వ. డబ్బ చూసి కొమురవ్వ అప్పుడే నవ్వుడు షురూ చేసింది. "నా కోడలు వచ్చిన కొత్తల, అని కానియ్యి ఇగ."

"నా కోడలు వచ్చిన కొత్తల" అన్నది శంకరవ్వ. ఆ మాట తర్వాత పిల్లి రావాలె, పిల్లి బలువాలె, అందరు నవ్వాలె. నోరు ఆ తొవ్వనే పోతానంటున్నది. బలిమికి పక్కకు తిప్పింది. "నేను దాని మీద దొంగతనం మోపిన. అది దొంగతనం చెయ్యలే. దానికి పల్లీలు పడయి. ఏరి మళ్ల నా డబ్బలనే పోసింది. నేను దాని అవ్వ ముందట..."

సరిగ్గ గప్పుడే కరెంటు పోయింది. వాడల ఉన్న సాంచలన్ని ఒక్కపారి ఆగినయి. సాంచల మీదున్నోళ్లు, ఎదురు అరుగుల మీదోళ్లు అందరు ఒక్కసారే ఇటు తిరిగిండ్రు. మొదలువెట్టిన మాట శంకరవ్వ నోట్ల సగం ఉన్నది, సగం వాడల ఉన్నది.

లోపల గంగామణి చరక గూడ ఆగింది.

"ఏందే? నాకు ఇనవడలే" అన్నడు కైలాసం, చెవి మీద చెయ్యి పెట్టుకోని. "జర గట్టిగ చెప్పు."

శంకరవ్వ ఆయన దిక్కు చూసింది. గడప దిక్కు చూసింది. పల్లీల డబ్బ మూత తీసి పక్కకు పెట్టి, మళ్ల మొదటి కాడికెల్లి, గట్టిగ చెప్పింది.